మంగో జెర్రీ రెండు డిస్కుల సంకలనం: వీళ్లు నిజంగా ఒక్క పాట బ్యాండేనా?

సైడ్‌బి:
అందరికీ నమస్తే. మా పిన్ని కొడుకు ఇంగ్లండ్ నుంచి వస్తూ పాత సీడీలు ఒక సంచీడు పట్టుకొచ్చాడు. అందులో మంగో జెర్రీ అనే బ్రిటిష్ బ్యాండ్ సంకలనం ఒకటి. రెండు డిస్కులు, నలభై పైచిలుకు పాటలు, 1970 నుంచి ఏ ఏడాది పాట ఆ ఏడాది వరసలో ఉన్నాయి. నాకు తెలిసింది ‘ఇన్ ది సమ్మర్‌టైమ్’ ఒక్కటే. అది వినేసి పక్కన పడేద్దాం అనుకున్నా. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెడితే రెండో డిస్కు అయ్యేసరికి పన్నెండు దాటింది, ఇంట్లో తిట్లు కూడా పడ్డాయి.

రెండు సందేహాలు. వీళ్లని ఒక్క పాట బ్యాండ్ అని ఎందుకంటారు? మొదటి డిస్కు సగం దాటాక అసలు ఇది అదే బ్యాండేనా? మొదట్లో ఉన్న ఆ గలగల, ఆ కాలి దరువు ఎటు పోయాయి?

గోళీసోడా:
పదేళ్లుగా నేను మ్యాంగో జెర్రీ అనుకుంటున్నా. మామిడిపండులో జెర్రి దూరిందేమో అని. ఎండాకాలం పాటే కదా, బాగానే సరిపోయింది.

లాలాగూడ లోకో:
జెర్రి కాదు నాయనా, పిల్లి. టి.ఎస్. ఇలియట్ 1939లో పిల్లుల మీద పిల్లల కోసం పద్యాల పుస్తకం ఒకటి వేశాడు. అందులో మంగోజెర్రీ, రంపెల్‌టీజర్ అని ఇద్దరు దొంగపిల్లులు ఉంటారు. ఆ పేరే కాస్త మార్చి పెట్టుకున్నారు. అంతకుముందు వీళ్ల పేరు గుడ్ ఎర్త్.

సైడ్‌బి గారూ, ఒక్క పాట బ్యాండ్ అన్నది అమెరికావాళ్ల మాట. అక్కడ ఆ పాట 3వ స్థానం దాకా వెళ్లింది, ఆ తర్వాత వీళ్లని పట్టించుకున్నవాడు లేడు. ఇంగ్లండ్ లెక్క వేరు. ‘సమ్మర్‌టైమ్’ 1970 జూన్ నుంచి ఏడు వారాలు నంబర్ వన్. దాన్ని దింపింది ఎల్విస్ ప్రెస్లీ. తర్వాతి పాట ‘బేబీ జంప్’ 1971 మార్చిలో రెండు వారాలు నంబర్ వన్. అదే ఏడాది ‘లేడీ రోజ్’ 5వ స్థానం, ‘యూ డోంట్ హ్యావ్ టు బీ ఇన్ ది ఆర్మీ టు ఫైట్ ఇన్ ది వార్’ 13. 1973లో ‘ఆల్రైట్ ఆల్రైట్ ఆల్రైట్’ 3. 1974లో ‘లాంగ్ లెగ్గ్‌డ్ వుమన్’ మళ్లీ 13. ఇన్ని ఉన్నవాడిని ఒక్క పాటవాడు అంటే ఎట్లా?

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. క్వార్టర్స్‌లో మా పక్కిల్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబం. వాళ్ల అన్నయ్యకి లండన్ నుంచి ఎవరో ఈ రికార్డు పంపారు. చిన్న రికార్డు కదా అని అందరూ నిమిషానికి 45 చుట్ల వేగంలో పెట్టేవాళ్లు. పెడితే ఎలుకలు పాడినట్టు వచ్చేది. రికార్డు పాడైపోయిందని వాళ్లమ్మ ఒకటే బాధ. వారం తర్వాత లేబుల్ మీద 33⅓ అని ఉండటం నేను చూశాను. పద్నాలుగేళ్లకి నేను చేసిన ఘనకార్యం అదే.

పాతరేడియో:
లాలాగూడ మాస్టారు చెప్పింది నిజం. అది మ్యాక్సీ సింగిల్. పై (Pye) అనే రికార్డు కంపెనీ 1970లో కొత్తగా డాన్ అనే లేబుల్ తెరిచింది, కుర్రకారు వినే కొత్తరకం సంగీతానికి. చిన్న రికార్డులోనే ఇటొకటి అటొకటి కాకుండా మూడు పాటలు పట్టించడానికి వేగం తగ్గించారు. ‘సమ్మర్‌టైమ్’తో పాటు ‘మైటీ మ్యాన్’, ‘డస్ట్ న్యుమోనియా బ్లూస్’ ఉంటాయి. ఆ రెండోది జానపద గాయకుడు ఉడీ గత్రీ పాట, అమెరికాలో దుమ్ము తుపాన్లకి ఊళ్లు పాడుబడిన రోజులది.

విచిత్రం ఏమిటంటే ఇంత పెద్ద హిట్టు బ్రిటన్‌లో వాళ్ల మొదటి ఆల్బమ్‌లో లేదు. సింగిల్ వేరు, ఆల్బమ్ వేరు. రెండో ఆల్బమ్ ‘ఎలక్ట్రానికల్లీ టెస్టెడ్’లో చేర్చారు. మ్యాక్సీ సింగిల్స్ వెనక పాటలు చాలావరకు అలా విడివిడిగా ఉండిపోయినవే. ఆల్బమ్‌లు మాత్రమే కొంటే వాళ్ల కథలో సగం చేజారుతుంది. ఈ బ్యాండుకి ఇలాంటి సంకలనం అవసరం అనేది అందుకే.

ఘటవాద్యం:
రెండో ప్రశ్నకి వస్తాను, అది నా పేటలోది. మొదటి జట్టులో నలుగురు. రే డోర్సెట్ పాట, గిటారు. కోలిన్ ఎర్ల్ పియానో. పాల్ కింగ్ బాంజో, పన్నెండు తీగల గిటారు, జగ్గు. మైక్ కోల్ నిలువు బేస్. లెక్కపెట్టండి, డ్రమ్స్ ఎవరూ లేరు. తాళం ఎక్కడినుంచి వస్తోందంటే డోర్సెట్ కాలు నేలకేసి కొడుతున్నాడు. ఆ ధన్ ధన్ అదే. మన హరికథ దాసుగారు గజ్జె కాలుతో తాళం వేసుకుంటూ కథ చెప్పినట్టే. మనిషి కాలు కాబట్టి అది మిషనులా ఉండదు, పాట హుషారెక్కితే కాలూ హుషారెక్కుతుంది. మీరు గలగల అన్నది రికార్డింగుల్లో కొన్నిచోట్ల వచ్చే వాష్‌బోర్డు. జో రష్ అని ఒకతను వాయించేవాడు.

వేపచెట్టు:
వాష్‌బోర్డు అంటే బట్టలుతికేదా? సీరియస్‌గా అడుగుతున్నా.

ఘటవాద్యం:
అదే తల్లీ. చెక్క చట్రం, మధ్యలో గీతలు గీతలుగా రేకు. బట్ట దానిమీద రుద్ది ఉతుకుతారు. మనకి బండ ఉంది, వాళ్లకి అది. దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తాన్లు తొడుక్కుని ఆ రేకు మీద గీకితే ఆ చప్పుడు వస్తుంది.

జగ్గు గురించి చాలామంది పొరబడతారు. మన ఘటంలా కొట్టేది కాదది. మూతి దగ్గర పెట్టుకుని, పెదాలు బిగించి బుర్ర్ మనిపిస్తూ ఊదాలి, ట్రంపెట్ వాయించేవాళ్లలాగ. పెదాల చప్పుడు కూజా కడుపులోకి వెళ్లి లావై బయటికొస్తుంది. సీసా మూతి మీద ఊదితే వచ్చే ఈల కాదు. బేస్ గిటారు కొనలేనివాళ్లకి అదే బేస్.

గోళీసోడా:
కజూ కూడా ఉంటుంది కదా. చిన్నప్పుడు దువ్వెనకి కాగితం చుట్టి ఊదేవాళ్లం, అదే చప్పుడు.

ఘటవాద్యం:
అక్షరాలా అదే. కాకపోతే ఊదకూడదు, దానిలోకి హూం అని పాడాలి. ఊదితే గాలి తప్ప ఏమీ రాదు.

లాలాగూడ లోకో:
ఈ చిత్తుసామాను సంగీతానికే స్కిఫుల్ అని పేరు. పుట్టిల్లు అమెరికా. 1920ల్లో మెంఫిస్‌లో నల్లజాతి సంగీతకారుల జగ్ బ్యాండ్‌లు ఉండేవి, గస్ క్యానన్ వాళ్లవీ ఇంకొన్నీ. అత్తిల్లు బ్రిటన్. క్రిస్ బార్బర్ జాజ్ బృందంలో బాంజో వాయించే లానీ డొనెగన్ మధ్యలో విరామం దొరికినప్పుడు గిటారు పట్టుకుని ఈ పాటలు పాడేవాడు. 1954లో రికార్డు చేసిన ‘రాక్ ఐలండ్ లైన్’ 1956లో అక్కడ హిట్టయ్యేసరికి ఊరూరా కుర్రాళ్లు గిటారు కొనేశారు. లేనివాళ్లు టీ పొడి వచ్చే ప్లైవుడ్ పెట్టె బోర్లించి, చీపురు కర్ర నిలబెట్టి, తాడు కట్టి బేస్ చేసేశారు. తర్వాత బీటిల్స్‌గా మారిన జాన్ లెనన్ బ్యాండు క్వారీమెన్ కూడా అలా పుట్టిందే. 1957 జూలై 6న వూల్టన్ చర్చి తిరనాళ్లలో వాళ్లు వాయిస్తుంటేనే పాల్ మెకార్ట్నీ వచ్చి చూశాడు.

పాతరేడియో:
అన్నట్టు బీటిల్స్ గురించి వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ ఏమన్నాడో తెలుసా? అసలు మొదటి రికార్డింగ్ కాంట్రాక్టు దగ్గర

మోడరేటర్:
బీటిల్స్‌కి వేరే చర్చా దారం ఉంది, ఇప్పటికే 140 పేజీలు. దయచేసి ఇక్కడ వద్దు. పాతరేడియో గారూ, మిమ్మల్నే.

పాతరేడియో:
క్షమించాలి, అలవాటు.

సైడ్‌బి:
అయితే నా డౌటు ఇది. స్కిఫుల్ గాలి 1958 నాటికే చల్లారిపోయింది కదా. 1970లో లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్ లాంటి గిటారు హోరు బ్యాండ్ల రోజుల్లో ఈ కూజాలూ వాష్‌బోర్డులూ ఎవరు విన్నారు?

లాలాగూడ లోకో:
అక్కడే ఉంది అసలు సంగతి. 1970 మే 23, 24 తేదీల్లో స్టాఫర్డ్‌షైర్‌లో న్యూకాసిల్ అండర్ లైమ్ దగ్గర ఒక ఉత్సవం జరిగింది. దాని పేరు హాలీవుడ్ ఫెస్టివల్, సినిమా హాలీవుడ్‌తో ఏ సంబంధమూ లేదు. అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ బ్రిటన్‌లో మొదటిసారి వాయించింది అక్కడే. అంతంత గిటారు హోరు మధ్య ఈ నలుగురూ ఎక్కి కాలు తాటించారు. జనం లేచి గంతులేశారు. రెండో రోజు కూడా రమ్మని మళ్లీ ఎక్కించారు. సింగిల్ విడుదలైంది దానికి ఒక్కరోజు ముందు, మే 22. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు.

ఇంకో ముచ్చట. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు కూడా 1964లో మొదలైంది జగ్ బ్యాండుగానే. వాళ్లు కూజా వదిలేసి కరెంటు పట్టుకున్నారు. వీళ్లు కూజా పట్టుకుని అదే స్టేజీ ఎక్కారు.

ఘటవాద్యం:
జనం అలసిపోయి ఉన్నారు అని కూడా అనుకోవాలి. ఇరవై నిమిషాల గిటారు సోలోలు విని విని ఉన్నవాళ్లకి, తామూ వాయించగలం అనిపించే చప్పుడు వినిపించింది. శాస్త్రీయ కచేరీ మూడు గంటలు విని బయటికొచ్చాక తప్పెటగుళ్లు వినబడితే కాలు ఆడదూ? అలా.

పాతరేడియో:
ఇక ముఖ్యమైన విషయం. సైడ్‌బి గారూ, మీ డిస్కులో ఉన్నది అసలు రికార్డింగేనా? మంగో జెర్రీ పేరుతో చవక సీడీలు కుప్పలు. చాలావాటిలో తర్వాతెప్పుడో మళ్లీ పాడి రికార్డు చేసినవి ఉంటాయి. పాట అదే, గొంతూ అదే, కానీ డ్రమ్స్, సింథసైజరు పడి ఉంటాయి. పదిహేనేళ్ల కింద నేను ఒక దుకాణంలో ‘బంగారు హిట్లు’ అని అట్ట చూసి కొని మోసపోయా. అట్ట మీద ఫోటో 1970ది, లోపల సరుకు 1970ది కాదు. వెనక్కి ఇస్తానంటే సీలు విప్పారు కదండీ అన్నాడు. సీలు విప్పకుండా ఎలా వింటాను?

సైడ్‌బి:
అమ్మో. ఎలా తెలుస్తుంది?

పాతరేడియో:
మొదట అట్ట వెనక చిన్న అక్షరాలు చూడండి. పై, డాన్ ప్రస్తావన, 1970 అని రికార్డింగ్ ఏడాది ఉండాలి. ‘కొత్త రికార్డింగ్’ అని ఎక్కడో చీమంత అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెట్టుకోండి.

అట్ట లేకపోతే చెవి పరీక్ష ఉంది. స్టూడియోలో పాడినప్పుడు ఆ పాట రెండు నిమిషాలే వచ్చింది. మరీ పొట్టిగా ఉందని నిర్మాత బ్యారీ మర్రే ఏం చేశాడంటే, చివర్లో బండి వెళ్లిన చప్పుడు పెట్టి, దాని తర్వాత టేపులో మొదటి చరణాలే మళ్లీ అతికించాడు. అలా మూడున్నర నిమిషాలైంది. కాబట్టి అసలు రికార్డింగులో ఇంజను చప్పుడు తర్వాత వచ్చే చరణం, మొదట వచ్చిన చరణం ఒకటే టేపు. ఊపిరి పీల్చడం, నవ్వడం, గొంతు జీర, అన్నీ అవే చోట్ల రావాలి. మళ్లీ పాడిన వెర్షన్‌లో ఏ మనిషీ రెండుసార్లు అచ్చు గుద్దినట్టు పాడలేడు.

గోళీసోడా:
ఆగండి. అది మోటార్‌సైకిలు కదా? నేను రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పందెం కూడా కాశా.

లాలాగూడ లోకో:
పందెం డబ్బు ఇచ్చేయి. అది కారు. సౌండ్ ఇంజనీరు హోవర్డ్ బారోకి ట్రయంఫ్ స్పోర్ట్స్ కారు ఉండేది. అతను స్టూడియో పక్కనించి నడుపుకుంటూ పోతే మర్రే మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెవినించి కుడి చెవికి వెళ్లేది ఆ కారే.

సైడ్‌బి:
రిపోర్టు. హెడ్‌ఫోన్ పెట్టుకుని నిన్న రాత్రి గంటన్నర కూర్చున్నా. కంప్యూటర్‌లో పాట ఎక్కించి, మొదటి చరణం కోసి, కారు వెళ్లాక వచ్చే చరణం కింద పెట్టా. అలల బొమ్మలు కవలపిల్లల్లా ఉన్నాయి. ‘చ్చ చ్చ’ అని నోటితో చేసే ఆ తాళం కూడా అంగుళం తేడా లేదు. తర్వాత ఒకదాని అలని తలకిందులు చేసి రెండోదానితో కలిపా, ఒకటే అయితే నిశ్శబ్దం రావాలి కదా అని. పూర్తిగా రాలేదు, దూరంనుంచి సొరంగంలో పాడినట్టు మిగిలింది. దీని అర్థం నకిలీ అనా?

ఘటవాద్యం:
కాదు కాదు. టేపు గడియారం కాదు. కాపీ తీసేటప్పుడు వేగంలో వెంట్రుకవాసి తేడా వస్తుంది, అది చాలు నిశ్శబ్దం చెడిపోవడానికి. బొమ్మలు అలా కలిశాయంటే మీది అసలు సరుకే. కంగ్రాట్స్.

సైడ్‌బి:
హమ్మయ్య. వారం రోజుల టెన్షన్ తీరింది.

థేమ్స్ ఒడ్డున:
ఇంగ్లండ్ నుంచి ఓ మాట. నేనిక్కడికి వచ్చింది 1991లో. ఆ తర్వాత కొన్నాళ్లకే టీవీలో తాగి బండి నడపొద్దని ప్రభుత్వ ప్రకటన ఒకటి వచ్చేది. ఎండ, పబ్బు బయట బల్లలు, నవ్వుతున్న కుర్రాళ్లు, వెనక ఈ పాట. తాగు, బండెక్కు అని హుషారుగా చెప్పే ముక్క వచ్చి, చటుక్కున పాట ఆగి, నుజ్జయిన కారు కనబడేది. ఆ పాట నేను మొదటిసారి విన్నది అలాగే. ఇప్పటికీ ఎక్కడ వినబడినా నా చెయ్యి సీటు బెల్టు మీదికి పోతుంది. మీరంతా హాయిగా వింటున్నారంటే ఈర్ష్యగా ఉంది.

వేపచెట్టు:
బండి ముక్క ఒక్కటే కాదండి. అమ్మాయి నాన్న డబ్బున్నవాడైతే భోజనానికి తీసుకెళ్లు, లేనివాడైతే నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అనే ముక్క ఎవరూ ఎత్తరేం? నాకు ట్యూన్ చాలా ఇష్టం, మా పాపకి కూడా. కానీ మాటలు అర్థమయ్యే వయసు వచ్చాక ఏం చెప్పాలో తెలియడం లేదు.

లాలాగూడ లోకో:
నిజం చెప్పాలంటే అమ్మా, మాకు అప్పట్లో మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ‘సమ్మర్’ తెలిసేది, మిగతాదంతా డిడిడి డడడ. మొన్న నువ్వు రాశాక చూశాను మాటలు. యాభై ఏళ్లు పాడుకున్నాను దాన్ని. ఏమనాలో తోచలేదు.

గోళీసోడా:
మన పాత సినిమా పాటలు మాత్రం తక్కువ తిన్నాయా? ఆ లెక్కన రేడియో మూసేయాలి.

వేపచెట్టు:
మూసేయమని నేనెక్కడ అన్నానండీ. ఇష్టం అని కూడా రాశాను కదా, పై వాక్యంలోనే. మన పాటల గురించి వేరే దారం పెట్టండి, అక్కడికీ వస్తా.

థేమ్స్ ఒడ్డున:
వేపచెట్టు గారితో నేను ఏకీభవిస్తాను. రాసిన డోర్సెట్ పాట విడుదలయ్యేనాటికి ఇరవై నాలుగేళ్లవాడు, టైమెక్స్ వాచీల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, పది నిమిషాల్లో రాసేశానని తనే చెప్పుకున్నాడు. పది నిమిషాల్లో రాసింది పది నిమిషాల్లా ఉంటుంది. ట్యూన్‌కి అది వరం, మాటలకి కాదు.

వేపచెట్టు:
ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. లాలాగూడ గారు మొదటి జట్టునే పొగుడుతున్నారు. నాకు రెండో సగమే నచ్చింది. ‘ఆల్రైట్ ఆల్రైట్ ఆల్రైట్’ వినండి, ఎంత ఊపు! అది ఫ్రెంచి పాట అట కదా.

పాతరేడియో:
అవును, జాక్ డ్యూట్రాంక్ 1966 పాట. ట్యూన్ తీసుకుని మాటలు వేరే రాశారు.

లాలాగూడ లోకో:
ఊపు ఉంది, కాదనను. కానీ అలాంటి ఊపు ఆ ఏడాది ఇంగ్లండ్‌లో వీధికొక బ్యాండు వాయించింది. 1973 అంటే గ్లామ్ రోజులు, మెరుపుల చొక్కాలు, ఎత్తు మడమల బూట్లు, డబడబ డ్రమ్స్. 1972లో ఏం జరిగిందో తెలిస్తే సైడ్‌బి గారి అనుమానం కూడా తీరుతుంది. ఆస్ట్రేలియా, తూర్పు దేశాల టూరు నుంచి తిరిగొచ్చాక పాల్ కింగ్, కోలిన్ ఎర్ల్ ఇద్దరూ డోర్సెట్‌ని బయటికి పంపాలని చూశారు. మేనేజ్‌మెంటు మాత్రం జనానికి తెలిసిన ముఖం డోర్సెట్‌దే అని తేల్చింది. ఆ బుగ్గమీసాలు, గుబురు జుట్టు, పళ్ల సందు నవ్వు. పంపిద్దామనుకున్నవాళ్లే బయటికి వెళ్లారు. వెళ్తూ జగ్గు, బాంజో, ఆ పియానో పట్టుకుపోయారు. తర్వాత కింగ్ ఎర్ల్ బూగీ బ్యాండ్ పెట్టుకుని స్కిఫుల్ వాళ్లు వాయించుకున్నారు. డోర్సెట్ డ్రమ్మర్ని పెట్టుకున్నాడు. 1972 ‘ఓపెన్ అప్’ దగ్గరినుంచి మీరు వింటున్నది అది.

సైడ్‌బి:
అద్గదీ. మొదటి డిస్కు పద్నాలుగో పాట దగ్గర నాకు తగిలింది అదే!

వేపచెట్టు:
గురువుగారూ, మీ లెక్క ప్రకారం కాలు తాటించినంతసేపే సంగీతం, డ్రమ్స్ రాగానే సరుకు. ఇది న్యాయమా? ఉమ్మడి కుటుంబం విడిపోతే ఇంట్లో మిగిలినవాడు వంట మానేస్తాడా? తనకొచ్చింది తను వండుకున్నాడు. పైగా బాబ్ డెయిస్లీ కొన్నాళ్లు వీళ్ల దగ్గర బేస్ వాయించాడు. తర్వాత రెయిన్‌బో అనే హార్డ్ రాక్ బ్యాండులో, గాయకుడు ఓజీ ఆస్బోర్న్ దగ్గర వాయించిన మనిషి. చేతకానివాళ్లని పెట్టుకోలేదు డోర్సెట్.

లాలాగూడ లోకో:
చేతకానితనం అనలేదమ్మా. చేతనైనవాళ్లు ఎక్కువయ్యారనే నా బాధ.

ఘటవాద్యం:
ఇద్దరికీ ఒక పాట పేరు చెప్తాను, ‘బేబీ జంప్’. పాత జట్టుదే, మైక్ కోల్ బదులు జాన్ గాడ్‌ఫ్రే బేస్. కానీ వినండి, గొంతు చింపుకుని అరుపు, గరగరలాడే గిటారు. స్కిఫుల్ ఎక్కడుంది? డోర్సెట్ మనసు 1971కే అటు పోయింది. 1972లో జరిగింది పంచాయితీ మాత్రమే.

పాతరేడియో:
‘బేబీ జంప్’ని జనం మరిచిపోవడానికి ఇంకో కారణం చెప్తారు కొందరు. ఆ శీతాకాలం బ్రిటన్‌లో తపాలా సమ్మె. దుకాణాలు అమ్మకాల లెక్కలు పోస్టులోనే పంపేవి. పోస్టు లేదు, లెక్కలు సరిగ్గా రాలేదు. బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ పాడిన ‘మై స్వీట్ లార్డ్’ని దింపి ఎక్కిన పాట అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. (మోడరేటర్ గారూ, హారిసన్ పేరు తప్పనిసరై వచ్చింది.)

మోడరేటర్:
చూశాను. వదిలేస్తున్నా.

సైడ్‌బి:
ఇంకో చిన్న ప్రశ్న. ‘లేడీ రోజ్’ నాకు అన్నిటికంటే నచ్చింది, ఎంత మెత్తటి పాట! దాని వెనక పాట ఏదో నిషేధించారని మా తమ్ముడు అంటున్నాడు.

పాతరేడియో:
‘హ్యావ్ ఎ విఫ్ ఆన్ మీ’. అమెరికా బ్లూస్ గాయకుడు లెడ్‌బెల్లీ పాడిన పాత పాట ఆధారంగా చేసింది. కొకైన్ ప్రస్తావన ఉందని అభ్యంతరం వచ్చి రికార్డు ఆపి, దాని బదులు ‘మిల్క్ కౌ బ్లూస్’ పెట్టి మళ్లీ వేశారు. మీ రెండు డిస్కుల్లో ఏది ఉందో చూడండి.

సైడ్‌బి:
రెండూ ఉన్నాయి! పక్కపక్కనే.

పాతరేడియో:
అయితే ఆ సెట్ కూర్చినవాడు మనలాంటి వాడే.

థేమ్స్ ఒడ్డున:
రెండో డిస్కులో ‘ఫీల్స్ లైక్ ఐయామ్ ఇన్ లవ్’ ఉందా? ఉంటే వినండి. డోర్సెట్ ఎల్విస్‌ని మనసులో పెట్టుకుని రాసిన పాట. ఎల్విస్ పోయాడు. వీళ్లు 1977లో ఒక సింగిల్‌కి వెనకవైపు పడేశారు. 1980లో కెల్లీ మేరీ అనే స్కాట్లండ్ గాయని డిస్కోగా పాడితే ఇక్కడ నంబర్ వన్. ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతుంది, రాసింది ఎండాకాలం పాటవాడే అని ఎవరికీ తెలియదు.

సైడ్‌బి:
ఉంది! రెండో డిస్కు చివర్లో. సైడ్‌బి అని పేరు పెట్టుకున్నవాడినే నేను బి సైడు పాటని గమనించకపోవడం సిగ్గుచేటు.

వేపచెట్టు:
చూశారా లాలాగూడ గారూ. మొదటి జట్టుతోనే ఆపేసి సంకలనం చేస్తే ఈ పాట పోయేది. పూర్తి ప్రయాణం అని అట్ట మీద వేసినప్పుడు వంకర దారులూ ఉండాలి. 1980ల్లో బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్‌తో కలిసి కాట్మండు అనే బ్యాండులో బ్లూస్ కూడా వాయించాడట డోర్సెట్. అవి కూడా పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

లాలాగూడ లోకో:
ఒప్పుకుంటున్నాను. రెండో డిస్కు ఉండాలి. నేను మాత్రం మొదటిది వింటాను.

గోళీసోడా:
1995లో శాగీ అనే గాయకుడు పాడిన ‘సమ్మర్‌టైమే’ నాకు గుర్తు, జమైకా రేగే దెబ్బ. దాన్ని ఎవరూ తలవలేదు. నా తరం అనాథ.

ఘటవాద్యం:
ఈ దారం చదివి మా అబ్బాయికి జగ్గు ఎలా ఊదాలో చూపిద్దామని వంటింట్లోకి వెళ్లాను. కూజా దొరకలేదు. ఖాళీ అయిన ఆవకాయ జాడీ కనబడింది. కడిగే ఉంది అనుకున్నాను. పెదాలు బిగించి మొదటి సారి ఊదితే ఏమీ రాలేదు. రెండోసారి ఒకటి వచ్చింది, ఎద్దు రంకె లాంటిది. మావాడు ఎగిరి గంతేసి వాడూ లాక్కుని ఊదాడు. జాడీ సరిగ్గా కడగలేదని అప్పుడు తెలిసింది, వాడి పెదాలు మండిపోయి ఏడుపు. మా అమ్మ వచ్చి జాడీ లాక్కుంది. ఇద్దరికీ పెరుగన్నం పెట్టింది.

గోళీసోడా:
రికార్డు చేశారా?

ఘటవాద్యం:
చేశాను. ఎడమ చెవినించి కుడి చెవికి మా అమ్మ తిట్లు వెళ్తాయి.